వీఐపీ ప్రయాణికుల నుంచి విమాన సిబ్బంది లంచం తీసుకున్నారన్న ఆరోపణపై విచారణ జరపడం ఎలా?

చెక్-ఇన్ కౌంటర్‌లోనో, గేటు దగ్గరో, లాంజ్‌లోనో పనిచేసే ఉద్యోగులు డబ్బున్న ప్రయాణికుల దగ్గర లంచం పుచ్చుకుని సీట్లు మార్చారని, సామాను తూకం తగ్గించి రాశారని, వెయిటింగ్ లిస్టులో వెనక ఉన్నవారిని ముందుకు తెచ్చారని విమానయాన సంస్థకు ఫిర్యాదు అందుతుంది. దాన్ని ఒక అధికారి చేతిలో పెట్టి, విచారించి నివేదిక ఇమ్మంటారు. ఆ బాధ్యత మోయవలసి వచ్చిన వారి కోసమే ఈ మార్గదర్శిని. ఇలాంటి విచారణలు ఎక్కువగా రెండు రకాలుగా చెడిపోతాయి. పెద్ద మనిషి పేరు బయటపడుతుందన్న భయంతో ఫిర్యాదును అటకెక్కించడం ఒక రకం. గొడవ త్వరగా సద్దుమణగాలని కౌంటర్‌లో కూర్చున్న చిన్న ఉద్యోగిని ఇంటికి పంపి చేతులు దులుపుకోవడం రెండో రకం. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే మొదటి రోజు నుంచీ కొన్ని ప్రశ్నలను విడివిడిగా పెట్టుకోవాలి. ప్రయాణికుడికి నిబంధనలకు మించి జరిగిన మేలు ఏమిటి? ఉద్యోగికి ముట్టిన లాభం ఏమిటి? ఆ మేలుకూ ఈ లాభానికీ సంబంధం ఉందని చూపగలమా? వీటితోపాటు, ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే: ఆ మేలు వల్ల నష్టపోయిన ప్రయాణికుడు ఎవరు?

ఆనాటి నిబంధనలు ముందుగా తెప్పించుకోండి

వీఐపీకి ప్రత్యేక సేవ అందించడం దానంతట అదే తప్పు కాదు. ప్రభుత్వ హోదా ఉన్నవారికి ప్రోటోకాల్ మర్యాదలు ఉంటాయి. సంస్థకు ఎక్కువ వ్యాపారం ఇచ్చేవారికి, తరచుగా ప్రయాణించే సభ్యులకు ప్రత్యేక క్యూ, లాంజ్ ప్రవేశం, అదనపు సామాను, ఖాళీ ఉంటే పై తరగతి సీటు వంటివి సంస్థ తన నిబంధనల్లోనే రాసి ఇస్తుంది. ఎకానమీలో సీట్లకు మించి టికెట్లు అమ్ముడైనప్పుడు కొందరిని ఉచితంగా బిజినెస్ తరగతికి మార్చడం కూడా రోజూ జరిగేదే, కాకపోతే ఎవరిని ముందు మార్చాలన్న వరుస సాధారణంగా సభ్యత్వ స్థాయిని బట్టి, టికెట్ రకాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. అందువల్ల ఆరోపణలో చెప్పిన తేదీన అమల్లో ఉన్న అప్‌గ్రేడ్ నిబంధనలు, అదనపు సామాను రుసుమును ఎవరు ఎంతవరకు మాఫీ చేయవచ్చో చెప్పే అధికార పట్టిక, బహుమతుల విధానం, వీఐపీల జాబితా నిర్వహణ ఉత్తర్వులు, ఇవన్నీ లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి. నిన్న మొన్న సవరించిన ప్రతిని పెట్టుకుని ఆరు నెలల కిందటి పనిని కొలిస్తే విచారణ అక్కడే చెల్లకుండా పోతుంది.

నిబంధన రాతలో లేకుండా కేవలం ఆనవాయితీగా నడుస్తున్న చోట మరింత జాగ్రత్త అవసరం. "ఫలానా వారు వస్తే చూసుకోండి" అని స్టేషన్ మేనేజరు ఏళ్ల తరబడి నోటిమాటగా చెబుతూ వచ్చినప్పుడు, ఆ మాట ప్రకారం నడుచుకున్న ఉద్యోగిది క్రమశిక్షణ లోపం కావచ్చు గానీ, అంతమాత్రాన లంచగొండితనం కాదు. బహుమతుల విషయంలోనూ ఇంతే. పండుగ రోజున అందరి ఎదుటా పంచిన మిఠాయి డబ్బాను, పని జరగడానికి ముందురోజు ఒక్కరికే అందిన ఖరీదైన చేతి గడియారాన్ని ఒకే గాటన కట్టకూడదు. విలువ, సమయం, గోప్యత, ఆ ఉద్యోగి చేతిలో ఆ ప్రయాణికుడికి పనికివచ్చే నిర్ణయం ఉందా లేదా అన్నది, ఈ నాలుగింటినీ కలిపి తూచాలి.

చట్టం దృష్టిలో ఒక తేడాను మొదట్లోనే తేల్చుకోవడం మంచిది. సంస్థ పూర్తిగా ప్రైవేటుదా, ప్రభుత్వ రంగానిదా? 2003లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన అవినీతి వ్యతిరేక ఒప్పందం ప్రభుత్వ సంస్థల్లో ప్రజా విధులు నిర్వర్తించేవారిని కూడా ప్రభుత్వాధికారి నిర్వచనంలో చేరుస్తుంది. ప్రైవేటు రంగంలో లంచాన్ని నేరంగా పరిగణించే విషయాన్ని మాత్రం 21వ అధికరణంలో సభ్య దేశాల పరిశీలనకు వదిలింది. కాబట్టి ఒకే పని ఒక దేశంలో జైలుశిక్ష పడే నేరమై, మరొక చోట ఉద్యోగ నియమావళి ఉల్లంఘనగా మాత్రమే మిగలవచ్చు. మీ దేశపు చట్టం ఏమంటుందో న్యాయ విభాగంతో రాతపూర్వకంగా చెప్పించుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

రికార్డులు చెరిగిపోకముందే

ఆరోపణకు గురైన వారికి నోటీసు వెళ్లకముందే చేయవలసిన పని రికార్డులను భద్రపరచడం. ఈ విషయంలో విచారణాధికారికి ఒక అనుకూలత ఉంది: విమానాశ్రయంలో జరిగే దాదాపు ప్రతి పనీ ఏదో ఒక కంప్యూటర్‌లో జాడ వదులుతుంది. ఆరు అక్షరాల పీఎన్ఆర్ కింద టికెట్ పుట్టినప్పటి నుంచి జరిగిన మార్పులన్నీ చరిత్రగా నిలిచి ఉంటాయి. చెక్-ఇన్, బోర్డింగ్ పనులు నడిపే డిపార్చర్ కంట్రోల్ వ్యవస్థలో సీటు ఎప్పుడు మారింది, ఏ లాగిన్‌తో మారింది, ఏ కౌంటర్ యంత్రం నుంచి మారింది, కారణం గడిలో ఏం రాశారు అన్నవి నమోదవుతాయి. ట్యాగు పడిన ప్రతి పెట్టె తూకం, అదనపు సామాను రసీదులు, రుసుము మాఫీలకు వాడిన అనుమతి సంకేతాలు, స్టాండ్‌బై (సీటు ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూసేవారి) జాబితా ఎప్పటికప్పుడు మారిన తీరు, గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ అయిన నిమిషం, లాంజ్ ప్రవేశాల చిట్టా, డ్యూటీ రోస్టరు, ఇవన్నీ కావాలి. వీటిలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది సీసీటీవీ దృశ్యం. పాత దృశ్యాలపై కొత్తవి ఎక్కే పద్ధతిలో కెమెరాలు నడుస్తాయి గనుక, ఆలస్యమైన ఒక్కో రోజూ ఒక్కో రోజు సాక్ష్యాన్ని పోగొడుతుంది. పైగా ఆ కెమెరాలు చాలాచోట్ల విమానాశ్రయ నిర్వాహకుల అధీనంలో ఉంటాయి, విమానయాన సంస్థ అధీనంలో కాదు. అందుకని భద్రపరచమన్న లేఖ ఫిర్యాదు అందిన రోజే వారికి చేరాలి.

సేకరించిన ప్రతి దాన్నీ ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీశారో రాసి, అసలు ప్రతిని తాకకుండా నకలుతోనే పనిచేయాలి. ఈ పని ఆ స్టేషన్‌లోని ఐటీ ఉద్యోగితో కాకుండా ప్రధాన కార్యాలయం వారితో చేయించడం మేలు. చిన్న స్టేషన్లలో అందరూ ఒకరికొకరు తెలిసినవారే. రికార్డులు అడిగిన సంగతి సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో తెలిసిపోతుంది.

లాగిన్ విషయాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నిరపరాధులు చిక్కుకునేది ఇక్కడే. రద్దీ వేళలో ఒక ఉద్యోగిని కౌంటర్‌లో తన గుర్తింపుతో యంత్రం తెరుస్తుంది. అంతలో గేటు దగ్గర మనుషులు చాలడం లేదని రేడియోలో పిలుపు వస్తుంది. క్యూ పెద్దదిగా ఉండటంతో యంత్రం మూయకుండానే ఆమె లేచి పరుగెడుతుంది, పక్క కౌంటర్ సహోద్యోగి వచ్చి అదే కుర్చీలో కూర్చుని పని కొనసాగిస్తాడు. తరువాతి ఇరవై నిమిషాల్లో జరిగిన ప్రతి సీటు మార్పూ ఆమె పేరు మీదే నమోదవుతుంది. అటువంటప్పుడు వ్యవస్థ ఇచ్చిన జాబితాను చూసి "మీ లాగిన్‌తోనే జరిగింది, ఇక చెప్పడానికేముంది" అనడం ఘోరమైన తప్పు. లాగిన్ ఒక ఆధారం మాత్రమే. అదే నిమిషంలో ఆమె గేటు దగ్గర వేరే యంత్రంలో బోర్డింగ్ పాస్ స్కాన్ చేసిందా, రేడియో పిలుపు సమయం ఎంత, కెమెరాలో ఆ కుర్చీలో ఉన్నది ఎవరు అన్న మూడు విషయాలూ సరిచూసిన తరువాతే ఆ పని ఫలానా వ్యక్తి చేసినట్టు నివేదికలో రాయాలి.

ఫిర్యాదు చేసిన వ్యక్తితో

ఇటువంటి ఫిర్యాదులు బయటివారి కంటే లోపలివారి నుంచే ఎక్కువ ఉపయోగకరంగా వస్తాయి, ఎందుకంటే వరుస తప్పిన సంగతి ప్రయాణికుడికి కనిపించదు, పక్క కౌంటర్‌లో ఉన్నవారికి కనిపిస్తుంది. అయితే వాళ్లు రేపు కూడా అదే షిఫ్టులో అదే మనుషుల మధ్య పనిచేయాలి. వారి పేరు తెలిసినవారి సంఖ్యను వీలైనంత తగ్గించండి, ఆ కొద్దిమంది పేర్లూ ఫైలులో రాసి పెట్టండి. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఫిర్యాదుదారుల రక్షణ ఆదేశం ప్రకారం అంతర్గత ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో తెలియజేయాలి, ఆ తరువాత 3 నెలలకు మించకుండా ఏం చర్య తీసుకున్నదీ చెప్పాలి. మీ దేశంలో అటువంటి గడువులు లేకపోయినా వాటిని మీకు మీరే పెట్టుకోవడం మంచిది. చెప్పిన మాట ఏమైందో తెలియక ఫిర్యాదుదారు నలిగిపోవడం చాలా చోట్ల కనిపించేదే.

కళ్లారా చూసింది ఏమిటి, చెవిన పడింది ఏమిటి అన్నది మొదటి మాటల్లోనే విడదీయాలి. "ఆయన అందరి దగ్గరా తీసుకుంటాడు" అన్న వాక్యంతో ముందుకు వెళ్లలేము. ఏ రోజు, ఏ విమానం, ఏ కౌంటర్, ఏ చేతిలోంచి ఏ చేతిలోకి అన్నంత వరకు నెమ్మదిగా అడగాలి. ఫిర్యాదుదారుకు ఆరోపితుడితో పాత తగాదా ఉందని తేలితే, చెప్పినదాన్ని ఇంకాస్త శ్రద్ధగా సరిచూడాలి, అంతేగానీ పక్కన పడేయకూడదు. పగతో చెప్పిన మాట నిజం కాకూడదని ఏమీ లేదు. సంతకం లేని ఉత్తరాలకూ ఇదే కొలత: అందులో విమానం సంఖ్య, తేదీ, సీటు వంటి సరిచూడగల వివరాలు ఉంటే విచారణకు అర్హమైనదే.

ఒక్కో విమానాన్నీ తెరిచి చూడటం

ఉద్యోగి గుణగణాల గురించి పదిమందిని అడిగే కంటే, ఆరోపణలో ఉన్న విమానాన్ని నిమిషాల వారీగా తిరిగి నిర్మించడం వల్ల ఎన్నో రెట్లు ఎక్కువ తెలుస్తుంది. ఊహకు ఒక సందర్భం తీసుకుందాం. ఎకానమీ నిండింది, బిజినెస్‌లో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి, అప్‌గ్రేడ్ జాబితాలో ఏడుగురు ఉన్నారు. బయలుదేరడానికి 40 నిమిషాల ముందు, ఆ జాబితాలో లేని ఒక ప్రయాణికుడికి ముందు వరుసలో సీటు పడింది. కారణం గడిలో "డ్యూటీ మేనేజరు ఆదేశం" అని ఉంది. ఇప్పుడు చూడవలసినవి: ఆ రోజు డ్యూటీ మేనేజరు ఎవరు, ఆ సమయంలో ఆయన విమానాశ్రయంలో ఉన్నారా, ఆదేశం ఇచ్చినట్టు సందేశం గానీ కాల్ గానీ ఉందా, జాబితాలో మొదట ఉన్న వ్యక్తిని ఎందుకు దాటారు, ఆ ప్రయాణికుడు ఇంతకు ముందు ఎన్నిసార్లు ఇదే తీరుగా ముందుకు వచ్చాడు, ప్రతిసారీ కౌంటర్‌లో ఉన్నది ఒకరేనా.

ఈ చివరి ప్రశ్నకు జవాబు ఒక్క విమానంలో దొరకదు. ఆ స్టేషన్‌లో కనీసం కొన్ని నెలల అప్‌గ్రేడ్‌లు, రుసుము మాఫీలు అన్నీ కలిపి తీయాలి, ఆరోపితుడివి మాత్రమే కాకుండా అందరివీ తీయాలి. అప్పుడే అతని లెక్క మిగతావారికంటే నిజంగా భిన్నంగా ఉందో లేదో తెలుస్తుంది. అందరూ అంతే చేస్తున్నారని తేలితే, మీరు విచారిస్తున్నది ఒక వ్యక్తిని కాదని, ఆ స్టేషన్ మొత్తాన్ని అని పై అధికారులకు వెంటనే చెప్పాలి. ఒకే ఉద్యోగి, ఒకే ప్రయాణికుడు పదేపదే జంటగా కనిపిస్తే, ఆ ఉద్యోగి డ్యూటీ మార్పిడి కోరిన రోజులకూ ఆ ప్రయాణికుడి ప్రయాణాలకూ పొంతన ఉందేమో రోస్టరులో వెతకాలి. రద్దీ మార్గాల్లో ఆ ప్రయాణికుడు ప్రతి సోమవారం ఉదయం విమానమే ఎక్కేవాడైతే, సోమవారం ఉదయం డ్యూటీ ఉన్నవారు ఎలాగూ అతనికి ఎదురవుతారు. కాబట్టి కలిసి కనిపించడం అనుమానానికి చాలుతుంది, నిరూపణకు చాలదు.

నష్టపోయినవారిని వెతకడం ఈ దశలోనే. అప్‌గ్రేడ్ విషయంలో ఆ నష్టం సుఖానికి సంబంధించినది. నిండిన విమానంలో టికెట్ ఉన్న ప్రయాణికుడినే దింపి మరొకరిని ఎక్కించి ఉంటే అది హక్కుకు సంబంధించినది. ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధన ప్రకారం, కొందరికి బోర్డింగ్ నిరాకరించక తప్పదనుకున్నప్పుడు సంస్థ ముందుగా తమంతట తాము సీటు వదులుకునేవారిని పిలవాలి. ఎవరినైనా వారి ఇష్టానికి వ్యతిరేకంగా ఆపితే దూరాన్ని బట్టి 250, 400 లేదా 600 యూరోల పరిహారం చెల్లించాలి. సాంకేతిక కారణమని గానీ, ఆలస్యంగా వచ్చారని గానీ రికార్డులో రాసి, నిజానికి వీఐపీ కోసం ఆ సీటు తీసి ఉంటే, అక్కడ లంచంతో పాటు తప్పుడు నమోదు కూడా జరిగినట్టే. ఆ ప్రయాణికుడికి ఫోన్ చేసి, గేటు దగ్గరికి ఎన్ని గంటలకు వచ్చారో, ఆయనకు చెప్పిన కారణం ఏమిటో అడగండి. ఉన్నత వైద్యానికి వెళ్తున్నవారో, దగ్గరి బంధువు చావుకు వెళ్తున్నవారో ఆ రోజు అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. అది తెలిసిన తరువాత ఈ వ్యవహారాన్ని "చిన్న సీటు మార్పు" అనడానికి ఎవరికీ నోరు రాదు.

ముట్టిన లాభం

నోట్లు చేతులు మారుతుండగా కెమెరాకు చిక్కడం అరుదు. లాభం ఎక్కువగా వేరే రూపాల్లో వస్తుంది: బహుమతి కార్డులు, కుటుంబ సభ్యుల ఖాతాలోకి పంపిన మొత్తం, పిల్లలకు ఉద్యోగం, ఖరీదైన హోటల్లో బస, తిరిగి అడగని అప్పు. సంస్థ విచారణాధికారికి ఉద్యోగి సొంత బ్యాంకు ఖాతాను, సొంత ఫోన్‌ను బలవంతంగా చూసే అధికారం సాధారణంగా ఉండదు. ఆ హద్దు దాటితే కేసు నీరుగారిపోతుంది, మీ మీదే ఫిర్యాదు వస్తుంది. సంస్థ ఇచ్చిన ఫోను, ఈమెయిలు, బహుమతుల రిజిస్టరు, ఉద్యోగి తానుగా చూపించిన పత్రాలు, వీటితో ఎంతవరకు వెళ్లగలరో అంతవరకే వెళ్లి, మిగతాది పోలీసులకు అప్పగించే అంశంగా రాయండి. లాభం దొరకకపోయినా మేలు జరిగినట్టు రుజువైతే, అధికార దుర్వినియోగం అన్న అభియోగం నిలుస్తుంది. దాన్ని లంచం అని పిలవకండి. నిరూపించగలిగినంత మాటే వాడినప్పుడు అప్పీలులో నివేదిక నిలబడుతుంది.

ఉద్యోగిని ప్రశ్నించేటప్పుడు

ఆరోపణ ఏమిటో తేదీలతో, విమాన సంఖ్యలతో సహా రాతపూర్వకంగా ముందే ఇచ్చి, చదువుకుని సిద్ధపడటానికి తగిన సమయం ఇవ్వాలి. సంఘం ప్రతినిధినో సహోద్యోగినో తోడు తెచ్చుకునే అవకాశం ఉండాలి. ఆ స్టేషన్ మేనేజరు గదిలో, ఆయన ఎదుట ఈ సంభాషణ జరపకూడదు, ఎందుకంటే ఉద్యోగి చెప్పవలసిన జవాబు ఆయన గురించే కావచ్చు. మొదట ఆ రోజు ఏం జరిగిందో ఉద్యోగి మాటల్లోనే, మధ్యలో అడ్డుపడకుండా చెప్పనివ్వండి. రికార్డులు చూపించడం ఆ తరువాత. ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామని ఆశ పెట్టడం, పక్కవాళ్లు మీ పేరు చెప్పేశారని అబద్ధమాడటం వల్ల వచ్చిన ఒప్పుకోలు ఎందుకూ పనికిరాదు.

వీఐపీ వ్యవహారాల్లో తరచుగా వినిపించే జవాబు ఒకటి ఉంది: "పైనుంచి చెప్పారు." దీన్ని సాకుగా కొట్టిపారేయకుండా ఒక వాంగ్మూలంగా తీసుకుని, ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పారో రాసుకుని, ఆ పై వ్యక్తిని కూడా అదే పద్ధతిలో ప్రశ్నించాలి. కాంట్రాక్టు మీద తక్కువ జీతానికి పనిచేసే గ్రౌండ్ ఉద్యోగికి ఒకవైపు సంస్థ మేనేజరు, మరొకవైపు వీఐపీ సహాయకుడు ఫోన్ చేసి ఒత్తిడి తెస్తున్నప్పుడు కాదనగల స్థితి ఎంత ఉందో నిజాయితీగా ఆలోచించాలి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకున్న వ్యవహారంలో ఆఖరి పిడికెడు పట్టుకున్నవారే మొత్తం శిక్ష మోయడం న్యాయం కాదు.

కొన్నిసార్లు లంచం దిశే తిరగబడి ఉంటుంది. అమెరికాలో న్యూయార్క్, న్యూజెర్సీ విమానాశ్రయాలను నడిపే పోర్ట్ అథారిటీ అధ్యక్షుడు డేవిడ్ శాంసన్ కోసం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నెవార్క్ నుంచి సౌత్ కరోలినాలోని కొలంబియాకు లాభం లేని విమాన మార్గాన్ని 2012లో మళ్లీ తెరిచింది. ఆ రాష్ట్రంలో ఆయనకు ఇల్లు ఉండేది. 2014లో ఆయన పదవి వదిలిన కొద్ది రోజులకే ఆ మార్గం మూతపడింది. ఆయన 2016లో నేరం ఒప్పుకున్నారు, సంస్థ 22.5 లక్షల డాలర్ల జరిమానా చెల్లించింది. ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అంతకు ముందే, 2015లో, పదవి నుంచి తప్పుకున్నారు. ఇక్కడ ప్రయాణికుడు సిబ్బందికి ఇచ్చిందేమీ లేదు, సంస్థే ఆయనకు మేలు చేసింది. కాబట్టి మీరు చూస్తున్న వీఐపీ సంస్థకు పనికివచ్చే నిర్ణయాలు తీసుకునే అధికారి అయితే, కౌంటర్‌లోని ఉద్యోగి కంటే ముందు మార్కెటింగ్, ప్రభుత్వ సంబంధాల విభాగాల ఫైళ్లను అడగండి.

ఇచ్చినవారిని వదలకండి

లంచానికి రెండు చేతులు కావాలి. బ్రిటన్ 2010 లంచాల చట్టంలో ఇవ్వడం మొదటి సెక్షన్, తీసుకోవడం రెండో సెక్షన్. రెండింటికీ వ్యక్తులకు గరిష్ఠంగా 10 ఏళ్ల జైలుశిక్షే, ప్రైవేటు ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది. అయినా సంస్థల అంతర్గత విచారణల్లో ప్రయాణికుడి పేరు "ఒక విలువైన కస్టమర్" అన్న మాట వెనక దాక్కుంటుంది. నివేదికలో ఆయన పేరు, ప్రయాణాలు, పొందిన మేలు అన్నీ ఉండాలి. వివరణ కోరుతూ ఆయనకు లేఖ వెళ్లాలి. జవాబు ఇవ్వకపోవడం ఆయన ఇష్టం, అడగకపోవడం మాత్రం మీ లోపమవుతుంది. మోసపూరిత ప్రవర్తనకు సభ్యత్వాన్ని రద్దు చేసే నిబంధన తరచు ప్రయాణికుల పథకాల్లో సాధారణంగా ఉంటుంది, దాన్ని వాడవచ్చు. అయితే ఉద్యోగే డబ్బు అడిగి, ఇవ్వకపోతే సీటు రాదని బెదిరించి ఉంటే, ఆ ప్రయాణికుడు బాధితుడి స్థానంలోకి వస్తాడు. మొదటి మాట ఎవరిది అన్న ప్రశ్న అందుకే అంత ముఖ్యం.

విచారణ ఆపి వెంటనే అప్పగించవలసిన సందర్భాలు

భద్రతా తనిఖీ లేకుండా సామాను లోపలికి పంపడం, ప్రయాణ పత్రాలు చూడకుండా ఎక్కించడం, ఒకరి పేరున మరొకరి పెట్టెకు ట్యాగు వేయడం, కస్టమ్స్ కంట పడకుండా దారి చూపడం, వీటిలో ఏదైనా బయటపడితే అంతర్గత విచారణను అక్కడికక్కడే ఆపి పౌర విమానయాన భద్రతా సంస్థకు, పోలీసులకు తెలియజేయాలి. ఆరోపితులకు ముందుగా సూచన అందకూడదు. ప్రయాణికుడు ఎక్కని విమానంలో అతని సామానును ప్రత్యేక తనిఖీ లేకుండా తీసుకెళ్లకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భద్రతా ప్రమాణాలున్న 17వ అనుబంధం చెబుతుంది. ఆ నియమం ఎంత రక్తం చూసి గట్టిపడిందో విచారణాధికారి గుర్తుంచుకోవాలి. 1985 జూన్ 22న వాంకోవర్ విమానాశ్రయంలో తరువాతి విమానానికి సీటు ఖరారు కాని ఒక వ్యక్తి, తన పెట్టెను చివరి గమ్యం దాకా ట్యాగు వేయమని పట్టుబట్టాడు. నిబంధన ఒప్పదని కౌంటర్ ఉద్యోగిని మొదట కాదంది. వెనక క్యూ పెరుగుతుండగా అతను వాదిస్తూనే ఉండటంతో చివరికి లొంగింది. అతను విమానం ఎక్కలేదు, బాంబు ఉన్న ఆ పెట్టె ఎక్కింది. మరుసటి రోజు ఎయిర్ ఇండియా 182 విమానం ఐర్లండ్ తీరానికి దూరంగా సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. అక్కడ ఎవరూ లంచం తీసుకోలేదు. ఒత్తిడికి లొంగి ఇచ్చిన ఒక్క మినహాయింపు వల్లే అంత జరగగలిగినప్పుడు, మినహాయింపులను అమ్ముకునే కౌంటర్ ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

సామాను తూకం తగ్గించి రాయడాన్ని కూడా కేవలం రుసుము నష్టంగా చూడకూడదు. విమానం బరువు, సమతుల్యత లెక్కించే లోడ్ షీట్ ఈ అంకెల మీదే తయారవుతుంది, కెప్టెన్ దాన్ని నమ్మి ఆమోదిస్తారు. ఒక పెట్టెలో తేడా పెద్ద విమానాన్ని ప్రమాదంలో పడేయదు గానీ, అలవాటుగా జరిగితే ఆ పత్రం మీద ఉన్న నమ్మకమే పోతుంది. ఇలాంటిది కనబడితే భద్రతా విభాగానికి విడిగా నివేదించండి.

తీర్పు, ఆ తరువాత

అంతర్గత విచారణల్లో చాలా దేశాల్లో సంభావ్యత ఎటు ఎక్కువ మొగ్గుతుందో చూస్తే చాలు. నేర విచారణలో మాత్రం సహేతుకమైన సందేహానికి తావు లేనంతగా రుజువు కావాలి. ఏ కొలతతో నిర్ణయించారో నివేదికలో స్పష్టంగా రాయండి. ఒక్కో ఆరోపణకు, ఒక్కో వ్యక్తికి విడిగా నిర్ధారణ ఇవ్వండి. "సిబ్బంది కుమ్మక్కయ్యారు" అన్న మూకుమ్మడి వాక్యం వల్ల నిర్దోషికి మచ్చ పడుతుంది, దోషికి దాక్కునే చోటు దొరుకుతుంది. రుజువు కాని ఆరోపణ అబద్ధపు ఆరోపణ అయిపోదు, కాబట్టి సద్బుద్ధితో చెప్పిన ఫిర్యాదుదారు మీద చర్య ఉండకూడదు. రుజువు కాని ఉద్యోగిని అదే పనిలో, అదే హోదాలో తిరిగి పెట్టాలి, సస్పెన్షన్ కాలపు జీతం ఇవ్వాలి, సహోద్యోగులకు ఆ సంగతి అధికారికంగా తెలియాలి. విచారణ నడుస్తుండగా పేర్లు పత్రికలకు చేరకుండా చూడటం కూడా మీ పనే.

ఇలాంటి విచారణలను క్రమంగా నడపడానికి రాసిన అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి: లంచ నిరోధక వ్యవస్థకు ఐఎస్ఓ 37001, ఫిర్యాదుల నిర్వహణకు 2021లో వచ్చిన ఐఎస్ఓ 37002. మీ సంస్థ విధానం పలచగా ఉంటే వాటిని పక్కన పెట్టుకుని చదవడం ఉపయోగం. అయితే నివేదిక చివర్లో సిఫార్సులు రాసేటప్పుడు ఈ కేసులో బయటపడిన కంతలకే పరిమితం కండి. మాఫీకి అనుమతి ఇచ్చినవారి పేరు, కారణం నింపకపోతే యంత్రం ముందుకు కదలకూడదు. కుర్చీ వదిలితే లాగిన్ తనంతట తానే మూతపడాలి. అప్‌గ్రేడ్ జాబితాను దాటిన ప్రతిసారీ వేరే స్టేషన్ అధికారికి సమాచారం వెళ్లాలి. నోటి ఆదేశం ఇచ్చిన మేనేజరు ఆ రోజు ముగిసేలోగా దాన్ని రాతలో ధ్రువీకరించాలి, లేదంటే ఆ ఆదేశం పాటించనందుకు ఉద్యోగి మీద చర్య ఉండదని ఉత్తర్వులో రాయాలి.

విచారణలో తేలిన నష్టపోయిన ప్రయాణికుల జాబితాను నివేదికకు అనుబంధంగా జతచేయండి. ఒక్కొక్కరికీ ఏ విమానంలో ఏం జరిగిందో చెబుతూ, క్షమాపణతో, చట్టప్రకారం రావలసిన పరిహారం లెక్కతో సంస్థ నుంచి లేఖ వెళ్లాలని సిఫార్సు చేయండి. ఆ లేఖలు వెళ్లినట్టు రుజువు అందేదాకా ఫైలు మూయకండి.